గ్రౌండ్, సాయిల్, స్టోన్, రాక్: ఒక్కో మాటకి ఇన్ని అర్థాలేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేటప్పుడు పెద్ద పెద్ద మాటలు అంత ఇబ్బంది పెట్టవు. తెలియదు కాబట్టి డిక్షనరీ తీస్తాం. తంటా అంతా తెలుసనుకున్న చిన్న మాటలతోనే. గ్రౌండ్ అంటే నేల, స్టోన్ అంటే రాయి అని చిన్నప్పుడే బట్టీ పట్టేశాం కాబట్టి మళ్లీ చూడం. అక్కడే వాక్యం తలకిందులవుతుంది. చదువుకునేవాళ్లు, అనువాదం చేసేవాళ్లు ఎక్కువగా తడబడే చోట్లు ఇక్కడ పెట్టాను.

నేలకి ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఎందుకు? గ్రౌండ్, సాయిల్, ల్యాండ్, ఎర్త్ ఒకటి కావా?

ఒకే చోటుని ఎవరు ఏ పని మీద చూస్తున్నారో దాన్నిబట్టి మాట మారుతుంది. ఒక ఎకరం పొలం ఉందనుకోండి. అందులో కాలుజారి పడ్డవాడు గ్రౌండ్ మీద పడ్డాడు. ఏ పైరు వస్తుందో పరీక్ష చేయించేవాడు పంపేది సాయిల్. కాగితాలు రాయించుకుని కొనుక్కునేవాడిది ల్యాండ్. పునాదికి తవ్వి పక్కన పోసిన కుప్ప ఎర్త్. కాలికి తగిలేది గ్రౌండ్, మొక్కని పెంచేది సాయిల్, హద్దులూ హక్కులూ ఉన్నది ల్యాండ్ అని పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ల్యాండ్‌కి ఇంకో జంట కూడా ఉంది: సముద్రం కానిదంతా ల్యాండే.

చరిత్ర వల్ల కూడా మాటలు పేరుకున్నాయి. ఎర్త్, గ్రౌండ్, ల్యాండ్, స్టోన్ పాత ఇంగ్లీషు నాటి సొంత మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి దారిన సాయిల్, గ్రావెల్ వచ్చి చేరాయి. డర్ట్ స్కాండినేవియా భాష నుంచి వచ్చింది. చదువుల భాష కోసం లాటిన్ నుంచి టెరా (నేల), గ్రీకు నుంచి జియో (భూమి), లిథో (రాయి) తెచ్చుకున్నారు. కొత్తవి వచ్చాయని పాతవి పోలేదు, పని పంచుకున్నాయి.

గ్రౌండ్ అంటే నేల అయితే, కోర్టు భాషలో కారణం ఎలా అయింది?

పాత ఇంగ్లీషులో ఈ మాటకి అడుగు, పునాది అనే అర్థాలు ఉండేవి. 'అడుగు' అన్న అర్థాన్ని పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఓడ 'రన్ అగ్రౌండ్' అయిందంటే ఒడ్డెక్కిందని కాదు. లోతు చాలని చోట ఓడ అడుగు నీటి కింది నేలకి తగిలి ఇరుక్కుపోయిందని. కాఫీ గ్రౌండ్స్ అంటే అడుగున మిగిలే మడ్డి. చిత్రకారులు రంగులకన్నా ముందు గుడ్డ మీద పూసే అడుగు పూతని కూడా గ్రౌండ్ అనే అంటారు. అలాగే ఒక వాదన నిలబడే పునాది కూడా గ్రౌండే. 'ఆన్ మెడికల్ గ్రౌండ్స్' అంటే ఆరోగ్య కారణాల రీత్యా. 'గ్రౌండ్స్ ఫర్ అప్పీల్' అంటే అప్పీలుకి ఆధారాలు.

ఇక్కడ బహువచనం మీద కన్నేసి ఉంచాలి. కారణాలు అన్న అర్థంలో ఎక్కువగా గ్రౌండ్స్ అనే ఉంటుంది. పెద్ద భవనం చుట్టూ ఉండే ఆవరణ కూడా గ్రౌండ్స్. కాఫీ మడ్డీ గ్రౌండ్స్. చివర ఒక్క 'స్' కనిపించగానే 'నేలలు' అని రాసేయకుండా ఒక్క క్షణం ఆగితే చాలు.

క్రియగా వాడినప్పుడు మరీ జాగ్రత్త. తుపాను వల్ల విమానాలు 'గ్రౌండెడ్' అంటే వాటిని ఎగరనివ్వకుండా ఆపేశారు. పిల్లవాణ్ణి 'గ్రౌండ్' చేశారంటే శిక్షగా బయటికి వెళ్లనివ్వడం లేదు. ఒక మనిషి 'వెరీ గ్రౌండెడ్' అంటే మాత్రం మెచ్చుకోలు: నేల విడిచి సాము చేయనివాడు, నిలకడ ఉన్నవాడు. ఒకే రూపం ఒకచోట నిషేధం, ఇంకోచోట శిక్ష, మరోచోట పొగడ్త. ఎవరి గురించి చెబుతున్నారో చూడకుండా తేల్చలేం.

యుద్ధం నుంచి వచ్చిన వాడుకలు ఇంకో గుంపు. 'గెయిన్ గ్రౌండ్' అంటే పుంజుకోవడం, 'లూజ్ గ్రౌండ్' వెనకబడటం, 'స్టాండ్ యువర్ గ్రౌండ్' వెనక్కి తగ్గకపోవడం. సైన్యం ఎంత నేల పట్టుకుంది, ఎంత వదులుకుంది అన్న లెక్క ఇప్పుడు వాదనలకీ వ్యాపారానికీ పాకింది. 'కామన్ గ్రౌండ్' అంటే ఉమ్మడి స్థలం కాదు, ఇద్దరూ ఒప్పుకునే విషయం.

గ్రౌండ్ పెప్పర్‌ని 'నేల మిరియాలు' అని రాస్తున్నారు. తప్పేనా?

తప్పే. యంత్రం చేసిన అనువాదాల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడున్న గ్రౌండ్‌కి నేలతో చుట్టరికమే లేదు. ఇది 'గ్రైండ్' అనే క్రియకి భూతకాల రూపం; గ్రౌండ్ పెప్పర్ అంటే మిరియాల పొడి. స్పెల్లింగ్, పలుకుబడి ఒకటే కావడం కేవలం కాకతాళీయం.

గుర్తుపట్టడానికి సులువైన దారి ఉంది. నేలకి సంబంధించిన క్రియ ఎప్పుడూ 'గ్రౌండెడ్' అవుతుంది. రుబ్బడం, నూరడం, పొడి చేయడం అయితే 'గ్రౌండ్' దగ్గరే ఆగిపోతుంది. విమానం 'వాజ్ గ్రౌండెడ్', మిరియాలు 'వర్ గ్రౌండ్'. తినే వస్తువు ముందు గ్రౌండ్ ఉంటే నూటికి తొంభై తొమ్మిదిసార్లు పొడే. ఆ మిగిలిన ఒక్కటి గ్రౌండ్‌నట్, అంటే వేరుశనగ. అది నిజంగానే నేలలో కాస్తుంది.

కాఫీ దగ్గర ఈ రెండు మాటలూ ఢీకొంటాయి. 'గ్రౌండ్ కాఫీ' ఇంకా నీళ్లు పోయని పొడి. 'కాఫీ గ్రౌండ్స్' చాలావరకు డికాషన్ దిగాక మిగిలిన పిప్పి. మాటల వరస మారితే ఒకటి డబ్బాలోకి, ఇంకోటి చెత్తబుట్టలోకి. 'గ్రౌండ్ గ్లాస్' కూడా ఇలాంటిదే: నూరిన గాజు పొడి కావచ్చు, ఉపరితలం అరగదీసి మసకగా చేసిన గాజు పలక కావచ్చు. కెమెరా గురించి చదువుతుంటే రెండోది.

కరెంటు పనిలో ఎర్త్, గ్రౌండ్ వేర్వేరా?

ఇళ్ల వైరింగ్ విషయంలో రెండూ ఒకటే. బ్రిటిష్ ఇంగ్లీషు ఎర్త్ అంటుంది, అమెరికన్ ఇంగ్లీషు గ్రౌండ్ అంటుంది. పరికరం లోహపు ఒంటిని తీగతో కలిపి, భూమిలో పాతిన కడ్డీకో పలకకో జోడిస్తారు. లోపల లైవ్ తీగ ఊడి ఒంటికి తగిలితే కరెంటు ఆ తీగ గుండా ఒక్కసారిగా పారి ఫ్యూజు పోతుంది, లేదా బ్రేకర్ పడిపోతుంది. దాన్ని ముట్టుకున్న మనిషికి షాక్ తప్పుతుంది.

ఎలక్ట్రానిక్స్‌లో మాత్రం గ్రౌండ్ అంటే మట్టి అనుకోకూడదు. సర్క్యూట్ బొమ్మలో గ్రౌండ్ గుర్తు ఉంటే, వోల్టేజీలన్నీ కొలవడానికి సున్నాగా పెట్టుకున్న చోటు అని. జేబులో ఉన్న ఫోనుకీ గ్రౌండ్ ఉంటుంది, అది ఏ నేలనీ తాకదు. కార్లలో సాధారణంగా బ్యాటరీ నెగటివ్ కొసని లోహపు ఛాసీకి కలిపి దాన్నే గ్రౌండ్‌గా వాడతారు. కింద రబ్బరు టైర్లే ఉంటాయి. ఇలాంటి పుస్తకాలు తెలుగు చేసేటప్పుడు 'భూమి' అని రాయకుండా గ్రౌండ్ అనే ఉంచేయడం మేలని నా అభిప్రాయం. చదివే విద్యార్థి రేపు పరికరం మీద చూసేదీ ఆ మాటే.

గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్ గొడవ?

బ్రిటిష్ లెక్కలో వీధి మట్టంలో ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికన్ లెక్కలో వీధి మట్టంలో ఉన్నదే తరచుగా ఫస్ట్ ఫ్లోర్. కథ ఎక్కడ జరుగుతోందో చూసి అంతస్తు లెక్కపెట్టండి.

సాయిల్, డర్ట్ రెండూ మట్టే కదా?

అమెరికన్ల రోజువారీ మాటల్లో అవును. 'డర్ట్ రోడ్' అంటే మురికి రోడ్డు కాదు, మట్టి రోడ్డు. కుండీలో పోసే మట్టినీ డర్ట్ అనేస్తారు. బ్రిటిష్ వాడుకలో డర్ట్ అంటే ముందు గుర్తొచ్చేది మురికి. మూలం ఇంకా ఘాటైనది. పాత స్కాండినేవియా భాషలో ఈ మాటకి మలం అని అర్థం. 'డిగ్ అప్ డర్ట్' అంటే ఒకరి గుట్టు తవ్వితీయడం, 'డర్ట్ చీప్' అంటే కారుచౌక.

నేలల శాస్త్రం చదివినవాళ్ల ముందు సాయిల్‌ని డర్ట్ అంటే ఊరుకోరు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. సాయిల్ అంటే ఉత్త పొడి కాదు. పాఠ్యపుస్తకాలు చెప్పే మంచి నేలలో పరిమాణం లెక్కన సుమారు సగమే గట్టి పదార్థం: 45 శాతం దాకా ఖనిజ రేణువులు, ఓ 5 శాతం కుళ్లిన ఆకూ అలమూ లాంటి సేంద్రియం. మిగతా సగం ఖాళీలే, వాటిలో నీరూ గాలీ పంచుకుని ఉంటాయి. ఆ ఖాళీల్లోనే వేర్లు, వానపాములు, కంటికి కనబడని ప్రాణులు బతుకుతాయి. ఇంత ఉన్న పదార్థం బట్టకి అంటుకున్నప్పుడు డర్ట్ అవుతుంది, చోటు తప్పింది కాబట్టి.

ఇక 'సాయిల్డ్ క్లోత్స్' అంటే మట్టి బట్టలు కావు, మాసిన బట్టలు. మట్టి అనే సాయిల్, మాపడం అనే సాయిల్ రెండూ ఫ్రెంచి దారినే వచ్చినా పుట్టుకలు వేరు. పాత పుస్తకాల్లో 'నైట్ సాయిల్' తగిలితే మరీ జాగ్రత్త: రాత్రిపూట ఎత్తి పొలాలకి ఎరువుగా తోలిన మనుషుల మలం అది. 'నేటివ్ సాయిల్' అంటే మాత్రం పుట్టిన గడ్డ. ఇక్కడ మట్టి అన్న మాట చప్పగా ఉంటుంది, గడ్డ అనే రాయాలి.

సాండ్, సిల్ట్, క్లే, లోమ్ తేడా ఎలా తెలుస్తుంది?

మొదటి మూడూ రేణువు సైజుని బట్టి పెట్టిన పేర్లు. నేలల శాస్త్రంలో ఎక్కువగా వాడే అమెరికన్ వ్యవసాయ శాఖ పద్ధతిలో 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా సాండ్, అక్కణ్ణుంచి 0.002 దాకా సిల్ట్, అంతకన్నా సన్నగా ఉంటే క్లే. మనం ఇసుక, ఒండ్రు, బంకమట్టి అనేవి దాదాపు ఇవే. లోమ్ సైజు పేరు కాదు, ఈ మూడూ తగుపాళ్లలో కలిసిన నేల.

చేత్తోనే చూడొచ్చు. గుప్పెడు మట్టిలో రాళ్లు ఏరేసి, కొంచెం కొంచెంగా నీళ్లు చల్లుతూ చపాతీ పిండిలా పిసకండి. బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా తోయండి. పట్టీ రాకుండా విరిగిపోతూ వేళ్లకి గరగర తగిలితే ఇసుక ఎక్కువ. జారుడుగా, మెత్తగా, తడి పౌడర్‌లా ఉంటే సిల్ట్. తెగకుండా పొడుగ్గా సాగి, వేలి గుర్తు మెరుస్తూ పడితే క్లే. నేలల మీద పనిచేసేవాళ్లు పొలంలో మొదట చేసేది ఈ పరీక్షే.

క్లేకి ఇంకా అర్థాలున్నాయి. ఖనిజాల శాస్త్రంలో అది సైజు కాదు, పొరలు పొరలుగా ఉండే ఒక ఖనిజాల కుటుంబం. టెన్నిస్‌లో 'క్లే కోర్ట్' అంటే మట్టి కోర్టు అనుకుంటాం గానీ, ఫ్రెంచ్ ఓపెన్ ఆడే ఎర్రటి కోర్టు పైపొర ఇటుకల పొడి. 'ఫీట్ ఆఫ్ క్లే' అంటే గొప్పవాడిలో బయటపడ్డ బలహీనత. బైబిలు దానియేలు గ్రంథంలో కలలో కనిపించిన విగ్రహానికి తల బంగారం, పాదాలు కొంత ఇనుము, కొంత మట్టి. ఆ కథ తెలియకుండా 'మట్టి పాదాలు' అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు.

స్టోన్‌కీ రాక్‌కీ తేడా ఏమిటి?

రాక్ అంటే ప్రకృతిలో ఉన్నది ఉన్నట్టు: బండ, కొండ రాయి, శిల. స్టోన్ అంటే దాన్నుంచి వేరై చేతికి వచ్చినది, లేదా చెక్కి పనికి తెచ్చుకున్నది. కొండ రాక్, గుడి గోడ స్టోన్. కానీ అమెరికన్లు చేత్తో విసిరే చిన్న రాయినీ రాక్ అంటారు, బ్రిటిష్‌వాళ్లు ఆ చోట స్టోన్ అంటారు. అమెరికన్ నవలలో పిల్లవాడు రాక్ విసిరితే 'బండ విసిరాడు' అని రాయకండి.

భూగర్భ శాస్త్రంలో పదార్థం పేరు రాక్ మాత్రమే: అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. లైమ్‌స్టోన్, సాండ్‌స్టోన్ లాంటి పేర్లలోనే స్టోన్ మిగిలింది. సైజుల పేర్లకి 1922లో అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త వెంట్‌వర్త్ ఇచ్చిన కొలతలు ఇప్పటికీ నడుస్తున్నాయి: 4 నుంచి 64 మిల్లీమీటర్లు పెబుల్, 64 నుంచి 256 దాకా కాబుల్, ఆపైన బౌల్డర్. అంటే జానెడు కన్నా కాస్త పెద్దదైతే చాలు, శాస్త్రం లెక్కలో బౌల్డరే. కథలో బౌల్డర్ అంటే మాత్రం మనిషి కదపలేని గుండు.

రాక్ మ్యూజిక్‌లో రాళ్లు ఎక్కడివి?

లేవు. ఊపడం, ఊగడం అనే అర్థమున్న రాక్ వేరే మాట. ఉయ్యాల ఊపడం, ఊగే కుర్చీ, 'రాక్ ద బోట్', రాక్ అండ్ రోల్ అన్నీ దాని పిల్లలు. 'యూ రాక్' అనే మెచ్చుకోలూ ఆ సంగీతం వైపు నుంచి వచ్చిందే.

'ఆన్ ద రాక్స్' మాత్రం రాళ్ల కుటుంబమే, అందులోనూ రెండు దారులు. కాపురం ఆన్ ద రాక్స్ అంటే రాళ్లకి కొట్టుకున్న ఓడలా ముక్కలయ్యే స్థితిలో ఉందని. గ్లాసులో పానీయం ఆన్ ద రాక్స్ అంటే ఐసు ముక్కల మీద పోసిందని. ఉంగరం గురించి చెబుతూ 'వాట్ ఎ రాక్' అంటే పెద్ద వజ్రం.

మనిషి బరువు 'పది స్టోన్' అంటే?

బ్రిటన్‌లో ఒక స్టోన్ అంటే 14 పౌండ్లు, సుమారు 6.35 కిలోలు. పది స్టోన్ అంటే 63.5 కిలోలు. ఈ అర్థంలో 'స్టోన్స్' అనరు, ఎన్నయినా స్టోనే. కిలోల్లోకి మార్చి రాస్తేనే తెలుగులో బోధపడుతుంది.

స్టోన్‌కి ఇంకా ఉన్నాయి. పండులోని టెంకని బ్రిటిష్ ఇంగ్లీషు స్టోన్ అంటుంది, అమెరికన్ ఇంగ్లీషు పిట్ అంటుంది. మామిడి స్టోన్ ఫ్రూటే. ఇక్కడ ఓ తిరకాసుంది: 'స్టోన్డ్ డేట్స్' అంటే గింజ ఉన్న ఖర్జూరాలు కాదు, గింజ తీసేసినవి. మనిషి 'స్టోన్డ్' అంటే మత్తులో ఉన్నాడని. 'స్టోన్డ్ టు డెత్' అంటే రాళ్లతో కొట్టి చంపారని. 'స్టోన్ డెఫ్' అంటే బొత్తిగా వినపడదని.

టచ్‌స్టోన్, కీస్టోన్, బ్రిమ్‌స్టోన్: వీటిని రాళ్లనే రాయాలా?

ఒక్కోదానికి ఒక్కో జవాబు. టచ్‌స్టోన్ దగ్గర తెలుగు అదృష్టవంతురాలు, గీటురాయి అచ్చంగా అదే. నల్లని నున్నటి రాయి మీద బంగారాన్ని గీసి, ఆ గీత రంగుని తెలిసిన బంగారం గీతతో పోల్చి నాణ్యం చెబుతారు. ఇంగ్లీషులోలాగే తెలుగులోనూ 'ప్రమాణం' అన్న అర్థం దానికి వచ్చింది. లోడ్‌స్టోన్ సహజ అయస్కాంతం, సూదంటురాయి. కీస్టోన్ అంటే కమాను నడినెత్తిన పెట్టే రాయి. అది లేకపోతే రెండు వైపులా నిలబడవు, అందుకే 'ఆయువుపట్టు' అనొచ్చు. బ్రిమ్‌స్టోన్ అంటే మండే రాయి, అదే గంధకం.

ముందు నుయ్యి వెనక గొయ్యి లాంటివి ఇంగ్లీషులో రాళ్లతో ఉన్నాయి కదా?

'బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్' అదే. 'స్టోన్స్ త్రో' అంటే కూతవేటు దూరం. వాళ్లు రాయి విసిరి కొలిచారు, మనం పిలిచి కొలిచాం. 'సెట్ ఇన్ స్టోన్' అంటే శిలాశాసనం. 'మడ్ స్లింగింగ్' అచ్చంగా బురద జల్లడమే. 'కాస్ట్ ద ఎర్త్'కి మాత్రం భూమిని తేవద్దు. ఆస్తులు కరిగిపోయేంత ఖర్చు అని చెబితే చాలు.

ప్లాట్, క్వారీ?

ప్లాట్ అంటే స్థలం, కథా సంవిధానం, కుట్ర. క్వారీ అంటే రాళ్ల గని, వేటాడే జంతువు. క్వారీకున్న ఈ రెండు అర్థాలూ పుట్టుకతోనే వేర్వేరు మాటలు.

పైకి కనబడని రాళ్లూ మట్టీ ఏ మాటల్లో ఉన్నాయి?

చాలా వాటిలో. పెట్రోలియం అంటే అక్షరాలా రాతి నూనె. కాల్క్యులస్ అంటే లాటిన్‌లో చిన్న గులకరాయి. రోమన్లు గులకరాళ్లతో లెక్కలు కట్టేవారు కాబట్టి కాల్క్యులేటర్ వచ్చింది, గణితంలో కాల్క్యులస్ వచ్చింది. డాక్టరు రిపోర్టులో 'రీనల్ కాల్క్యులస్' అని ఉంటే టెన్షన్ పడి గణితం వెతక్కండి, కిడ్నీలో రాయి. ఫోను బ్యాటరీలోని లిథియం పేరూ రాయి నుంచే. 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆర్ఫ్‌వెడ్‌సన్ దాన్ని పెటలైట్ అనే ఖనిజంలో కనిపెట్టాడు, అందుకే గ్రీకులో రాయి అనే అర్థమున్న లిథోస్ నుంచి పేరు పెట్టారు. జామెట్రీ అంటే భూమి కొలత. హంబుల్ అనే మాట లాటిన్‌లో నేల అనే అర్థమున్న హ్యూమస్ నుంచి వచ్చింది. మెడిటరేనియన్ అంటే భూభాగాల నడుమ ఉన్నది.

రేర్ ఎర్త్స్ అంటే అరుదైన మట్టా?

అరుదూ కాదు, మట్టీ కాదు. ఇవి 17 లోహాలు. పాత రసాయన శాస్త్రంలో నీటిలో కరగని, వేడికి తట్టుకునే ఆక్సైడ్లని ఎర్త్స్ అనేవారు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. స్వీడన్‌లో ఇటర్బీ అనే ఊరి దగ్గరి గనిలో 1787లో దొరికిన నల్లని రాయితో కథ మొదలైంది. ఇట్రియం, ఇటర్బియం, టెర్బియం, ఎర్బియం నాలుగింటికీ ఆ ఊరి పేరే. భూమి పైపొరలో వీటిలో కొన్ని వెండి కన్నా ఎక్కువే ఉన్నాయి. కాకపోతే ఒకచోట దట్టంగా దొరకవు, ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం కష్టం. తెలుగులో 'అరుదైన భూమూలకాలు' అని వాడుకలో ఉంది; 'అరుదైన భూములు' అని మాత్రం వద్దు.

చంద్రుడి మీద మట్టిని సాయిల్ అనొచ్చా?

ఇది శాస్త్రవేత్తల మధ్య కూడా ఉన్న చర్చే. సాయిల్‌కి ప్రాణులూ సేంద్రియమూ ఉండాలనేవాళ్లు అక్కడిదాన్ని రెగొలిత్ అంటారు, అంటే గట్టి రాతి మీద పరుచుకున్న వదులు పదార్థపు దుప్పటి. ఉల్కలు కొట్టి కొట్టి పిండి చేసిన రాయి అది. అయినా 'లూనార్ సాయిల్' అన్న మాట అపోలో చంద్రయాత్రల నాటి నుంచీ గట్టిగా నిలిచింది. 1969 నుంచి 1972 దాకా ఆ యాత్రలు రాళ్లూ పొడీ కలిపి 382 కిలోలు తెచ్చాయి. అందులోంచి తీసిన చిటికెడు పొడిలో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు పోషకాలు కలిపి అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క విత్తనాలు వేశారు. ఫలితాలు 2022లో బయటికి వచ్చాయి. మొలిచాయి గానీ సరిగ్గా ఎదగలేదు. తెలుగులో 'చంద్రుడి మట్టి' అని నిక్షేపంగా రాయొచ్చు, మట్టి అన్న మాటకి ప్రాణం ఉండాలన్న షరతు లేదు. వ్యాసంలో రెగొలిత్, సాయిల్ రెండూ వేర్వేరు అర్థాల్లో వస్తే మాత్రం రెగొలిత్‌ని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విడమరిచి చెప్పండి.